ఊటీ చెట్టు కింది కొమ్మ

కత్తెర చేతిలోకి తీసుకోకముందు నేను అడిగింది కుర్చీ.

ఆ నర్సరీలో పనిచేసేవాళ్లందరూ నేలమీదే కూర్చుంటారు. గోనెసంచి పరుచుకుని, కుండీని ముందు పెట్టుకుని, మెడ వంచి చెట్టును మొదలు దగ్గరినుంచి పైకి చూస్తూ పనిచేస్తారు. నాకోసం కూడా ఒక గోనెసంచి మడిచి వేశారు. నేను దాన్ని చూడనట్టే నిలబడ్డాను. చివరికి నర్సరీ నడిపే ఆవిడ ఆఫీసు గదిలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ, చెట్టు పెట్టడానికి ఒక ఇనుప బల్ల తెప్పించింది. పక్కన సంచుల్లో మట్టి నింపుతున్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె, "కుర్చేస్తిమి. ఇగ గొడుగు గూడ పట్టాల్నేమో అడుగరాదక్కా" అంది. రెండో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను విననట్టే కూర్చున్నాను. విన్నవాటిని విననట్టు ఉండటం మా ఇంట్లో చిన్నప్పుడే అలవాటు చేస్తారు.

బల్లమీద ఉన్నది జూనిపర్ చెట్టు. మా ఇంట్లో దాన్ని ఊటీ చెట్టు అనేవాళ్లం. మా తాత ఊటీ పోయినప్పుడు రెండు మొక్కలు కారులో వేసుకొచ్చి, ఇంటి మెట్లకు అటొకటి ఇటొకటి పెట్టించాడట. శామీర్‌పేట దగ్గరి ఆ ఇల్లు ఇప్పుడు ఫంక్షన్ హాలు. మెట్లు అలాగే ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో వాటిమీద ఎర్ర కార్పెట్ పరుస్తారు. భూములు ఒక్కో సర్వే నంబరుగా పోయి వెంచర్లయ్యాయి. నేను మేడ్చల్‌లో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటాను, దుండిగల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. మా ఇంటిపేరు అక్కడ ఎవరికీ ఏమీ గుర్తు చెయ్యదు.

ఇల్లు ఖాళీ చేసేనాటికి ఆ రెండు చెట్లలో ఒకటే మిగిలింది. మరొకటి చాలా ఏళ్ల కిందటే చచ్చిపోయింది. మిగిలిన ఆ ఒక్కటీ సామాను లారీకెక్కించిన రోజున కనిపించకుండా పోయింది. మా తోటమాలి ఎత్తుకుపోయాడని అందరికీ తెలుసు. "అడిగితే ఇయ్యకపోదునా" అని మాత్రం అన్నాడు మా నాన్న, మేం బాపు అనేవాళ్లం. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నేను ముప్పై ఏళ్లు మరిచిపోలేదు.

పోయిన ఏడాది కాలేజీ ఆవరణలో నాటడానికి మొక్కలు కావలసివచ్చి, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు వెంట నర్సరీలు తిరుగుతున్నాను. ఒకచోట ఆకుపచ్చ నెట్ కింద పొదలా పెరిగిన చెట్టొకటి కనిపించింది. చెట్టును కాదు, నేను గుర్తుపట్టింది కుండీని. అంచు చుట్టూ సిమెంటు ద్రాక్షగుత్తులు, ఒక గుత్తి విరిగి. ఆ గుత్తి విరగ్గొట్టింది నేనే, క్రికెట్ బంతితో. పక్కన నులకమంచం మీద మా తోటమాలి ఉన్నాడు. ఎముకలగూడులా ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేక, "చిన్నదొరా" అన్నాడు. యాభై ఆరేళ్ల మనిషిని ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

నర్సరీ అతని కూతురిది. బెంగుళూరు పోయి బోన్సాయ్ పని నేర్చుకుని వచ్చిందట. నేను వచ్చిన పని చెప్పాను. చెట్టు మాది, తీసుకుపోతాను అన్నాను. ఆవిడ కాదనలేదు.

"తీస్కపోయి ఏడ పెడ్తరు సార్?"

"ముందర గదిల. టేకు స్టూలున్నది."

"గదిల పెడ్తే సస్తది. దీనికి ఎండ గావాలె, గాలి గావాలె." కొంచెంసేపు నన్ను ఎగాదిగా చూసింది. "ఒక పని జేద్దాం. ముప్పై ఏండ్ల సంది మా నాయిన దీనికి నీళ్లు వోసుడే గాని కత్తెర వెట్టనియ్యలే. పొదయి కూసున్నది. దీనికి ఒక రూపం దేవాలె. మీ చేతులతోటే జెయ్యుండ్రి, నేను నేర్పుత. ఎండకాలం దాటి బతికితే చెట్టు మీది. నాయినా, ఏమంటవ్?"

ముసలివాడు నావైపు చూడకుండా తల ఊపాడు.

అలా మాఘమాసం ఒక ఆదివారం పొద్దున నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ సన్నమూతి కత్తెర ఒకటి, కొమ్మలు కోసే బరువైన కత్తెర ఒకటి, అల్యూమినియం తీగచుట్ట ఒకటి బల్లమీద పెట్టింది. ఇంతలో కడియం నుంచి మొక్కల లారీ వచ్చింది. "లోపట ఎండుపుల్లలుంటయి, నేనొచ్చేదాక అవి దీస్కుంట కూసోండ్రి. పచ్చది మాత్రం ముట్టకుండ్రి" అని చెప్పి గేటువైపు పోయింది.

ఎండుపుల్లలు అరగంటలో అయిపోయాయి. లారీ దగ్గర లెక్క తేలలేదు, అరుపులు వినిపిస్తున్నాయి. నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఎవరో వచ్చి ఇక కానివ్వండి అనేదాకా కాచుకుని కూర్చోవడం నాకు చేతకాదు. పైగా చెట్ల సంగతి నాకు తెలియదా? మాకు నలభై ఎకరాల మామిడితోట ఉండేది. కాపు దిగాక ముదురు కొమ్మలు బోడిగా కొట్టించేవాళ్లం, వానలకు మొదలంతా చిగురు పొడిచేది. చెట్టుకు భయపడితే చెట్టు మాట వినదు అనేవాడు బాపు. నేను సన్నకత్తెర తీసుకున్నాను.

కుర్చీలోంచి చూస్తే చెట్టు నడినెత్తి కనిపిస్తుంది. పైన గుబురు, అక్కడక్కడ బయటికి పొడుచుకొచ్చిన కొమ్మలు. ఆ పొడుచుకొచ్చినవి తగ్గిస్తే గుండ్రంగా వస్తుందనిపించింది. పచ్చది తీస్తూ పోయాను. బల్లకింద రాలిన ఆకు కుప్ప పెరుగుతుంటే చేతికి ఊపొచ్చింది. ఎడమవైపు మొదలుకు దగ్గరగా లావుపాటి కొమ్మ ఒకటి అడ్డంగా సాగి ఉంది. పైనుంచి చూస్తే దానికి చెట్టుతో సంబంధం లేనట్టే ఉంది. బరువు కత్తెర తీసుకున్నాను.

అప్పుడు ఒకసారి తలెత్తి చూశాను. నాలుగడుగుల దూరంలో మంచం మీద తోటమాలి కూర్చుని ఉన్నాడు. అతని కుడిచెయ్యి మంచం పట్టె మీదినుంచి పైకి లేచింది. గాలిలో కొద్దిసేపు ఆగింది. మళ్లీ మోకాలి మీద దిగింది. ఈగను తోలుతున్నాడనుకున్నాను.

రెండు చేతులతో కత్తెర నొక్కాను. టక్ మని తెగింది.

తర్వాత కుడివైపు కొమ్మకు తీగ చుట్టి కిందికి వంచాను. అది సగం వంగి, లోపల ఎక్కడో చిట్లింది. ఆ చప్పుడు చాలా చిన్నది. కాని మట్టి నింపుతున్న ఆడవాళ్లిద్దరూ చేతులాపి చూశారు.

ఆవిడ తిరిగి వచ్చేసరికి నేను రుమాలుతో చేతులు తుడుచుకుంటున్నాను. ఆవిడ ముందు కిందపడ్డ కొమ్మను చూసింది. తర్వాత చెట్టును. ఆడవాళ్లను సాయం పిలిచి కుండీని బల్లమీదినుంచి నేలమీదికి దించి, దాని ముందు గొంతుక్కూర్చుంది.

"కిందికి దిగి చూడుండ్రి సార్."

"ఇక్కడికే కనిపిస్తున్నది."

"కనవడ్తలేదు. కనవడ్తే కోద్దురా?" ఆవిడ తెగిన కొమ్మను చేతిలోకి తీసుకుంది. "దీన్ని ముంగటికెళ్లి చూస్తరు, నెత్తిమీదికెళ్లి గాదు. కింద గా కొమ్మ ఉంటెనే మొదలు వంపుకు అందం. ముప్పై ఏండ్ల కొమ్మ సార్ అది." అంతలో మంచంవైపు తిరిగింది. "నాయినా, నువ్వీడనే ఉన్నవ్ గదనే! కండ్లు కనవడ్తయి గద! చూస్కుంట కూసున్నవా?"

"దొర కోస్తున్నడు బిడ్డా" అన్నాడు ముసలివాడు.

"కోస్తె?"

"నేనెట్ల చెప్త?"

ఆవిడ పాత సైకిల్ ట్యూబును పీలికలుగా కోసి, చిట్లిన కొమ్మకు కట్టు కట్టింది. కడుతూనే మాట్లాడింది. ఇది మామిడి కాదు. దీని ప్రాణమంతా ఆకులోనే ఉంటుంది. ఆకు లేకుండా చేసిన కొమ్మ మళ్లీ చిగురెయ్యదు. మూడోవంతు కంటే ఎక్కువ తియ్యకూడదు, నేను సగం పైన తీశాను.

"పచ్చగనే ఉన్నది గదా" అన్నాను.

"సచ్చినా నెల దినాలు పచ్చగనే ఉంటది సార్. చూస్తె తెల్వదు. గదే దీనితోటి పరేషాన్."

ఆ నెల రోజులు నేను ఎలా గడిపానో ఇంట్లో ఎవరికీ తెలియదు. కాలేజీ అయిపోగానే స్కూటర్ నేరుగా నర్సరీకి తిప్పేవాణ్ణి. ఇంట్లో ఆడిట్ పని అని చెప్పాను. చెట్టుమీద పొద్దుటా సాయంత్రమూ నీళ్లు సన్నగా చిలకరించాలి, మట్టి మాత్రం చిత్తడి కాకూడదు. సాయంత్రం వంతు నాది. చిలకరించి, కుర్చీలో కూర్చుని, చెట్టును చూసేవాణ్ణి. నిన్నటిలాగే ఉండేది. మొన్నటిలాగే ఉండేది. బతికి ఉందేమో, పోయిన ఆదివారమే పోయిందేమో, నేను శవానికి నీళ్లు చల్లుతున్నానేమో. దుండిగల్ శిక్షణ విమానాలు తలమీద గిరికీలు కొడుతుంటే ఆ మోతకు కూడా ఆకు కదిలినట్టనిపించి దగ్గరికి పోయి చూసేవాణ్ణి. రోజురోజుకూ ఎండ ముదురుతోంది. నెట్ కింద కూడా మధ్యాహ్నం గాలి వేడిగా కొడుతోందని ఆడవాళ్లు చెప్పుకుంటున్నారు.

ఒకరోజు నర్సరీ ఆవిడ స్కూటర్ దగ్గరికే ఎదురొచ్చింది.

"నాయిన సరిగ్గ బువ్వ తింటలేడు సార్. కొమ్మ వోయిన కాడికెళ్లి గంతే. రెండు బుక్కలు తిని చెయ్యి కడుక్కుంటడు. చెట్టు దిక్కు తిరిగి పంటడు."

"డాక్టరుకు చూపెట్టలేదా?"

"డాక్టరేం జేస్తడు? చెట్టు బతుకుతదో లేదో ఆయనకు చెయ్యి పెడితే తెలుస్తది. నాకు గూడ చెప్తలేడు. మీరే అడుగుండ్రి."

అడిగాను. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, "ఏమైతది చెట్టు? బతుకుతదా?" అన్నాను.

"మీకు తెల్వనిదా దొరా" అన్నాడు.

మర్నాడు మళ్లీ అడిగాను. "మీరే చెప్పాలె దొరా." మూడోనాడూ అదే జవాబు. ఈ మాటలు నాకు కొత్తవి కావు. మా ఇంటి అరుగుకింద నిలబడినవాళ్లందరూ బాపు ఏమడిగినా ఇదే చెప్పేవాళ్లు. వాన పడుతుందా? మీకు తెల్వనిదా దొరా. ఎద్దు బాగుందా? మీరే చెప్పాలె దొరా. అది మర్యాద అనుకుని పెరిగాను. ఇప్పుడు నాకు నిజంగా జవాబు కావాలి, జవాబు అతని దగ్గరుంది, ఆ మర్యాద మా ఇద్దరి మధ్య గోడలా నిలబడింది.

నాలుగోనాడు నాకు కోపం వచ్చింది. "ఆ రోజు నోరు విప్పి ఒక్క మాట చెప్తే చెట్టు ఇట్లయ్యేదా?" అని గట్టిగా అన్నాను. అతను తల వంచుకున్నాడు.

కూతురు పరుగున వచ్చింది. "ఇంక ఆయన్ను అనబట్టిండ్రా? కోసింది మీరు!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు అడుగుతలేరు సార్. కుర్చీల కూసోని విచారణ జేస్తున్నరు. విచారణల మా నాయిన ఎన్నడు నిజం చెప్పిండని?" అంది.

నేను లేచి వచ్చేశాను. మేడ్చల్ చేరేదాకా నా చేతులు హ్యాండిల్ మీద బిగుసుకునే ఉన్నాయి. ఆవిడ తండ్రి మా ఇంట్లో ఎక్కడ నిలబడేవాడో, ఆవిడ ఇప్పుడు నన్ను ఎక్కడ నిలబెట్టిందో, ఇదే ఆలోచన. మర్నాడు పోకూడదనుకున్నాను. కాని సాయంత్రం నీళ్ల వంతు నాది.

పోయాను. చిలకరించాను. కుర్చీ రోజూ ఉండేచోటే ఉంది. మంచానికీ చెట్టుకూ మధ్య నేలమీద ఆ గోనెసంచి, మొదటిరోజు నాకోసం మడిచి వేసిందే, ఇంకా అలాగే ఉంది. చుట్టూ చూశాను. ఆడవాళ్లు పని ముగించి కాళ్లు కడుక్కుంటున్నారు. నేను చేతులు మోకాళ్లమీద ఆనించుకుని, ఒక్కొక్క కాలే మడుస్తూ దానిమీద కూర్చున్నాను. నడుము పట్టుకుంది. మోకాళ్లు చప్పుడు చేశాయి.

అక్కడినుంచి చెట్టును మొదటిసారి చూశాను. మొదలు నేలలోంచి కుడికి ఒరిగి లేచి, మెల్లగా ఎడమకు తిరిగి, మళ్లీ నిటారుగా పోతోంది. అది తిరిగినచోట బయటివైపు, రూపాయిబిళ్లంత తెల్లటి గాయం. దాని పక్కన ఏమీ లేదు. అక్కడ ఏముండాలో ఆ ఖాళీయే చెబుతోంది. కుర్చీలో కూర్చుని నెల రోజులు చూసిన నాకు ఇది కనిపించలేదు.

"దొరా!" మంచం కిర్రుమంది. "కిందెందుకు కూసున్నరు? లేవుండ్రి, లేవుండ్రి. ఎవలన్న చూస్తరు." అతను మంచం దిగడానికి కాళ్లు జార్చాడు.

"నువ్వు దిగకు. నా మోకాలు పట్టింది, ఇప్పుడు లేవరాదు" అన్నాను. అది నిజమే. నేనిప్పుడు అతన్ని తలెత్తి చూడాలి. కింద కూర్చున్నవాళ్లు మనిషిని ఎలా చూస్తారో నాకు అంతకుముందు తెలియదు, ముఖం కంటే ముందు చేతులు కనిపిస్తాయి. ఆ చేతులు మంచం పట్టెను పట్టుకుని ఉన్నాయి. "ఆ రోజు నువ్వు చెయ్యి లేపినవ్. నేను చూసిన. ఎందుకు ఆపలేదు?"

అతను కాళ్లు మళ్లీ మంచంమీదికి తీసుకున్నాడు. తర్వాత చెట్టును చూస్తూ చెప్పాడు.

"ఇంకోటి గట్లనే వాయె దొరా. ఎవలో పెద్దాఫీసరు ఇంటికొస్తున్నడని పెద్దదొర దాన్ని లోపట హాల్ల పెట్టిచ్చిండు. వచ్చినోళ్లంత మస్తున్నది, మస్తున్నది అన్నరు. ఇగ గాడనే ఉంచిండు. నాలుగు దినాలకు బయట వెట్టకుంటె సస్తదని నాకెర్కనే."

"చెప్పలేదా?"

"పెద్దదొరకు చెప్తమా?" నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "సచ్చినంక గూడ నెలదాక పచ్చగనే ఉండె. దొర సంబురంగ చూపిచ్చుకునె. నేను రోజు సచ్చిన చెట్టుకు నీళ్లు వోస్తి." కట్టు కట్టిన కొమ్మవైపు చూశాడు. "మీరు ఇల్లిడిసి పోయేనాడు రెండోదాన్ని గూడ పట్నంల అద్దింట్ల వెడ్తరని ఇన్న. వద్దని చెప్పనీకి నోరు రాలే. అందుకే ఎత్తుకొచ్చిన దొరా. దొంగతనమే."

ముప్పై ఏళ్లుగా ఆ మాట అతని నోటినుంచి వినాలనుకున్నాను. విన్నాక ఏమనాలో ముందే అనుకుని పెట్టుకున్న మాటలు కూడా ఉన్నాయి. అవేవీ పనికిరాలేదు. టేకు స్టూలు ఇంకా నా ముందరగదిలో ఖాళీగానే ఉంది.

"ఇప్పుడు ఇది బతికున్నదా?" అని అడిగాను.

అతను వంగి నా చెయ్యి పట్టుకున్నాడు. మా ఇంట్లో పనిచేసినన్నేళ్లలో అతను మమ్మల్ని ఎవరినీ తాకి ఉండడు. నా వేళ్లను చెట్టు పైభాగంలో ఆకుమీద పెట్టి నొక్కించాడు. చల్లగా, మెత్తగా, నొక్కితే మళ్లీ లేచేట్టు ఉంది. "ఇది పాణం." తర్వాత కుడివైపుకు, సైకిల్ ట్యూబు కట్టిన కొమ్మమీదికి జరిపాడు. రంగు అదే. కాని వేళ్లకింద చీపురులా గరగరలాడింది. "ఇది వోయింది దొరా. పది దినాలాయె."

"మరి పైనది?"

"ఇయ్యాల్టికి ఉన్నది. రేపటిది నేను చెప్పలేను. గా ఎండలు ముంగట ఉన్నయి."

అది మంచిమాటేమీ కాదు. కాని అది జవాబు. ఆ రాత్రి అతను రెండు రొట్టెలు తిన్నాడని కూతురు మర్నాడు చెప్పింది.

తర్వాతి మూడు వారాలు కుడికొమ్మ అతను చెప్పినట్టే ముందు బూడిదరంగుకు, తర్వాత తుప్పురంగుకు తిరిగింది. ఆ తుప్పు పక్కకు పాకుతుందేమోనని నేను రోజూ గోనెసంచిమీద కూర్చుని పైకొమ్మలు ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి చూసేవాణ్ణి. ఒకరోజు ఒక కొమ్మ గరగరలాడినట్టనిపించి కేకేశాను. ముసలాయన చెయ్యి పెట్టి, "దుమ్ము" అన్నాడు. నీళ్లు కొట్టి కడిగాను.

ఉగాది దాటిన వారం, ఆకుల చివర్లలో లేత రంగు కనిపించింది. పచ్చి శనగకాయ రంగు. మొదట ఒకచోట, తర్వాత పైనంతా. నర్సరీ ఆవిడ గొంతుక్కూర్చుని చూసి, లేచి వెళ్లి నాకు చాయ్ తెచ్చింది. ఇన్ని రోజుల్లో అదే మొదటి చాయ్.

ఆ ఆదివారం ఎండుకొమ్మను తీసేద్దామనుకున్నాను. పచ్చటి చెట్టు పక్కన ఆ తుప్పుకొమ్మ నా తప్పును వచ్చేపోయేవాళ్లందరికీ చూపిస్తున్నట్టుంది. బరువు కత్తెర తీసుకుని, నేలమీద కూర్చుని, కొమ్మ మొదట్లో రెండు అంచులూ ఆనించాను.

"ఆగు!"

నర్సరీ మొత్తం ఆగింది. మట్టిపని ఆడవాళ్లు, గేటుదగ్గర మొక్కలు బేరమాడుతున్న దంపతులు, అందరూ ఇటు చూశారు. ముసలాయన మంచంమీద సగం లేచి ఉన్నాడు, చెయ్యి ముందుకు చాచి. ఆ గొంతు తనదేనా అన్నట్టు ఆయన ముఖం పాలిపోయింది. నా చేతుల్లో కత్తెర తెరుచుకునే ఉంది.

ఆయన వెనక్కి తగ్గుతాడేమోనని భయపడ్డాను. ఇప్పుడు "మీ ఇష్టం దొరా" అంటే ఇక జన్మలో ఆయన నోట ఇంకోమాట రాదు.

"ఎందుకు ఆగాలె? చెప్పు" అన్నాను, కత్తెర కింద పెట్టి.

చాచిన చెయ్యి దించకుండానే చెప్పాడు. "ఎండినా అది గా చెట్టుదే. కోస్తె బోడిగైతది, గా దిక్కు గూడ ఏముండది. తోలు దీసి, కట్టె తెల్లగజేసి అట్లనే ఉంచాలె. బిడ్డ చేస్తుంటే చూసిన."

"నిజమే సార్" అంది కూతురు వెనకనుంచి. "నేనే చెప్దామనుకున్న. నాకంటే ముంగట నాయినే మొత్తుకునె." ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. "ఎండకాలం దాటినంక స్టూలు మీదికి తీస్కపోతరా మరి?"

నా పోర్షన్‌లోకి ఎండ రాదు. మేడమీద కుండీలు పెట్టడానికి ఇంటి ఓనర్ ఒప్పుకోడు, నేను ఇంకోసారి అడగను. "ఇక్కడనే ఉండనియ్యి. నేనే వస్త" అన్నాను.

ఆవిడ చిన్నకత్తి తెచ్చి ఇచ్చింది. నేను కొమ్మ చివర గాటుపెట్టి బెరడు లాగబోయాను.

"అట్ల గాదు దొరా" అన్నాడు ముసలాయన. "మొదట్లకెళ్లి."

మొదట్లోంచి లాగాను. సగంలో తెగింది.

"అట్ల గాదు. కత్తి పండవెట్టు."

ఆ సాయంత్రం కొమ్మ పూర్తిగా తెల్లబడేసరికి ఆయన ఇంకా చాలాసార్లు కాదన్నాడు. అన్న ప్రతిసారీ నేను చెయ్యి ఆపాను.